చీరతో కొలిచిన లైట్లు

ధర్మవరంలో ఫిజిక్స్ చెప్పే ఆనంద్, కూతురికి పట్టే పాలలో కూడా థర్మామీటరు ముంచి చూసే రకం. పాప మొదటి పుట్టినరోజుకు మిద్దె అంచున సీరియల్ లైట్లు కట్టాలి; తీగ మాత్రం పాపకు అందకూడదు. నేతింటి బిడ్డ కదా, టేపు వెతక్కుండా భార్య జ్యోతిలక్ష్మి పట్టుచీరతో గోడ కొలిచాడు. సరిగ్గా మూడు చీరలు. చీర పొడవు అతనికి ఒకరు చెప్పాలా? గుణించి, తీగ తెచ్చి కట్టాడు. కొస మిగిలి గడప దాకా వేలాడింది.

“ఆ చీరకు రవికె గుడ్డ ఎప్పుడో కత్తిరిస్తిని కదయ్యా! దాన్నీ లెక్కలో కలిపినావా?” అంది జ్యోతిలక్ష్మి.

నిచ్చెన అప్పటికే పక్కింటికి పోయింది, చుట్టాలు వచ్చేశారు. మన శాస్త్రజ్ఞుడు మిగిలిన తీగను చుట్టచుట్టి, నెత్తికి పైన ఎత్తి పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

“ఏమల్లుడా, కొత్త కరెంటు స్తంభం పాతినారే!” అన్నాడు మామ తిప్పన్న.

మిద్దె మీది వెలుగులను పాప ఒక్కసారీ చూడలేదు. మిణుకుమిణుకుమంటున్న నాయన కేసి మాత్రం చేతులు చాచి కేరింతలు కొట్టింది. అతను నొప్పెడుతున్న చేతిని ఇంకాస్త పైకెత్తాడు.