అలమేలత్త పొద్దున్నే పెట్టే ఆట

మొన్న మా వీధికి పాత సామాన్లు కొనే మనిషి వచ్చాడు. ఎవరో వదిలించుకున్న పిక్చర్ ట్యూబ్ టీవీ ఒకటి అతని తోపుడుబండి మీద ఉంది. పనిచేస్తుందో లేదో చూసుకుంటానని మా వాకిట్లో ప్లగ్గు అడిగాడు. స్విచ్చి వేయగానే అద్దం మీద చిటపటమని సన్నటి చప్పుడు. దగ్గరగా నిలబడ్డానేమో, నా ముంజేతి మీది నూగు లేచి నిలబడింది. కాసేపటికి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. బొమ్మ రాలేదు. అతను పెదవి విరిచి టీవీని మళ్ళీ బండి మీదికి ఎత్తుకున్నాడు. నేను మాత్రం విరుదునగర్‌లో ఉన్నానన్న సంగతే మరిచి, కోవిల్‌పట్టి బస్టాండు వెనక సందులో, అలమేలత్త అంగడిలో, పొద్దుటి పూట నిలబడి ఉన్నాను.

అత్త అంటే మా నాన్నకు తోబుట్టువేమీ కాదు. కడంబూరు పక్క నల్లరేగడి పల్లెల్లో తెలుగు మాట్లాడే మా ఇళ్ళన్నీ ఏదో ఒక వరసతో ముడిపడి ఉంటాయి. ఆ వరసన ఆమె నాకు అత్త. భర్త అగ్గిపెట్టెల లోడుతో లారీల వెంట ఊళ్ళు తిరిగేవాడు. ఆమె అంగడి ముందు భాగంలో పల్లీల మిఠాయి అమ్ముతూ, వెనక గదిలో రెండు టీవీలు పెట్టి, గంటకింతని పిల్లల చేత వీడియో గేములు ఆడించేది. తొంభైల నడుమ మా ఊరి పిల్లలకు అంతకంటే పెద్ద ఆకర్షణ లేదు. రెండు ముక్కుపుడకలు, నుదుట నిలువుగా ఎర్రటి శ్రీచూర్ణం, చేతికి ఎప్పుడూ బెల్లం వాసన. అలాంటి మనిషి క్యాసెట్ ఊది, గుడ్డతో తుడిచి, గేము సెట్టులోకి నొక్కడం చూసి కొత్తవాళ్ళు నవ్వుకునేవారు.

ప్లస్ టూ ముగించి ఏం చేయాలో తోచక ఇంట్లో కూర్చున్న నన్ను ఆమే వచ్చి పిలుచుకుపోయింది. "ఏమే పద్మా, ఇంట్లో కూచోని గోడలకు కాపలా కాస్తా ఉండావా? దా, నా అంగడికి. పిలకాయలు అరిస్తే అణిచే గొంతు నీకుండాది" అంది. ఆ గొంతు నాకు గోష్ఠిలో వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ శనివారం సాయంత్రాలు పెరుమాళ్ళ గుడి మండపంలో అందరితో కూర్చుని పాశురాలు చెప్పిన గొంతు అది. ఆడవాళ్ళ వరసకు అలమేలత్తే ముందు. మా వైపు తెలుగు నోట్లో ఉంటుంది గాని చేతిలో ఉండదు, చదువంతా తమిళమే. తాతల నాటి స్తోత్రాల ప్రతి ఒకటి దగ్గర పెట్టుకుని నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. ఈ నాలుగు మాటలు ఇలా రాయగలుగుతున్నానంటే ఆ చలవే.

గోష్ఠిలో ఒక కట్టుబాటు ఉంది. ఏ పాశురం మొదలుపెట్టినా, ముందు దాన్ని పాడిన మహానుభావుడికి మొక్కుతూ ఒక శ్లోకం చెప్పాలి. దాన్ని తనియన్ అంటాం. పాట భగవంతుడిదే అయినా, దాన్ని మన దాకా తెచ్చిన మనిషిని దాటుకుని ఆయన దగ్గరికి పోకూడదన్నది పెద్దల మాట. మాకది చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన పద్ధతి మాత్రమే. అలమేలత్తకు అది అంతకంటే ఎక్కువ. చెన్నై బజారు నుంచి కొత్త క్యాసెట్ వచ్చినప్పుడల్లా తెర ముందు నిలబడి వెతికేది.

"ఇంత పెద్ద ఆట గట్టినారే, ఎవురు గట్టినారో ఒక పేరైనా లేదేమే?"

"చైనావాళ్ళత్తా."

"చైనా అనేది ఊరు. ఊరు ఆట గడతాదా? మనుషులు గదా గట్టేది!"

ఆ క్యాసెట్లన్నీ దొంగ నకళ్ళనీ, నకలు తీసేవాళ్ళు మొదట చెరిపేది చేసినవాళ్ళ పేర్లనేననీ నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అత్తకు ఎవరూ చెప్పకుండానే ఏదో తక్కువైనట్టు ఉండేది. తన అంగడి నిండా అమ్మానాన్నలెవరో తెలియని బిడ్డలున్నట్టు బాధపడేది.

అలాంటి రోజుల్లో ఒక సంచి వచ్చింది. పాత క్యాసెట్ల నడుమ, పై డొప్ప లేని ఒట్టి పచ్చ పలక ఒకటి. దాని మీద రెండు పెద్ద చిప్పులు, ఒక్కోదాని నడుమ కాగితం అంటించిన గుండ్రటి చోటు. పనికిరానిదనుకుని పక్కన పెట్టబోతే అత్త అడ్డుపడి సెట్టులో పెట్టింది. తెర నల్లబడింది. తర్వాత తెల్లటి అక్షరాలు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇంగ్లీషు కాదు, తమిళం కాదు. చిన్న చిన్న పుల్లలు విరిచి పేర్చినట్టున్నాయి. అత్త రెండు చేతులూ జోడించింది.

"పేర్లే! వరసగా ఎట్ల నిలబడినారో చూడు. మొదలే పేర్లు చెప్పి అప్పుడు ఆట. వీళ్ళు మనోళ్ళేమే!"

అక్షరాలు పోయాక ఒక పడవ వచ్చింది. గడకర్ర పట్టుకున్న పడవాయన, రెండు ఒడ్డుల మీదా రెల్లు, నీటి మీద వెలుగు కదలడం. అంత నెమ్మదైన బొమ్మను ఆ గదిలో ఎప్పుడూ చూడలేదు. కొంత దూరం పోయాక ఏరు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ పైన నలుపే. మొసళ్ళు వచ్చి తగిలినా పడవాయనకు ఏమీ కాదు. పిల్లలకు అది నచ్చలేదు. ఒకడు జాయ్‌స్టిక్ కింద పెట్టేసి, "ఏందత్తా ఇది, ఎంతసేపు ఆడినా చావే రాలేదే!" అని విసుక్కున్నాడు.

"చావు లేని చోటు కావాలనే గదరా నేను శనివారం శనివారం గొంతు చించుకునేది! నీకు ఊరికే దొరికితే వొద్దంటావా?" అంది అత్త.

ఆ మర్నాటి నుంచి ఆమెకు అదొక నియమమైపోయింది. అంగడి తెరిచి, వాకిలి తడిపి, దీపం పెట్టి, మొదట ఆ పలకే పెట్టేది. అక్షరాలు నిలబడినంతసేపూ చేతులు జోడించి, పడవ రాగానే తీసేసి, మిగతా ఆటలు మొదలుపెట్టేది. ఆట కట్టిన అందరికీ అదే తనియన్ అని ఆమె లెక్క. నాకు సిగ్గుగా ఉండేది, బయటివాళ్ళు చూస్తారని. ఆ మాట గోష్ఠి పెద్ద వెంకటసామి పెదనాయన చెవిన పడనే పడింది. ఒక శనివారం మండపంలో అందరి ముందే అడిగాడు.

"ఏమమ్మా అలమేలూ, ఆటపెట్టెకు దండం పెడతా ఉండావంట? రేపు రేడియోకు హారతి పడతావా?"

అత్త తల పైకెత్తి కప్పు వైపు చూపించింది. "ఆ ట్యూబ్‌లైటు చూడు పెదనాయనా. ఉబయమని గుడికి దాన్ని ఇచ్చినాయన తన పేరు, తన నాయన పేరు, అంగడి పేరు రాసి సగం వెలుతురు మూసినాడు. ఆయన పేరు దినమూ మనం చదవతా ఉండాము. ఈ పడవ ఆట గట్టినోళ్ళ పేరు చదివేదానికి ఈ ఊళ్ళో ఒక మనిషి లేడు. చదవలేకపోతే దండమైనా పెట్టకూడదా?"

"అవి పేర్లే అని నీకెవురు చెప్పినారు?"

ఆ ప్రశ్న ఆమె గుండెలో ముల్లులా దిగిందని నాకు తెలుసు. అప్పటి నుంచి ఎవరు చదువుకున్నవాళ్ళు మిఠాయి కొనడానికి వచ్చినా లోపలికి పిలిచి ఆ అక్షరాలు చూపించేది. ఎవరికీ తెలిసేది కాదు. అవి ఎవరి పేర్లో ఒక్కసారి నోరారా పలకాలన్నది ఆమెకు తీరని కోరికైపోయింది.

ఒక ఆయుధపూజకు సామాన్లన్నీ తుడుస్తుంటే ఆ చిప్పుల మీది కాగితాలు ఊడిపోయాయి. కింద చిన్న గాజు కిటికీలున్నాయి. అత్త సంతోషపడింది. "ఇదేమే, బొట్టుకని చోటు ఇడిచినట్టు ఉండాది!" అని రెండింటి మీదా మందంగా గంధం పట్టించి కుంకుమ అద్దింది. "కరెంటు కొడతాదత్తా" అన్నాను. "ఆరినాక పెడతాములే, సాకులు చెప్పొద్దు" అంది. ప్రతి పండక్కీ పాత గంధం మీదే కొత్త గంధం పడేది.

నాకు పెళ్ళయి విరుదునగర్ వచ్చి, ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే పనిలో చేరాను. రెండువేల సంవత్సరం దాటాక పిల్లలకు కొత్త ఆటలు, సీడీలు వచ్చాయి. అత్త అంగడి వెనక గది ఖాళీ అయింది. ఒక టీవీ మాత్రం ఉంచుకుంది, పొద్దుటి మొక్కు కోసం. ఒకరోజు సెంటర్‌కు ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"పద్మా, పడవాయన ఉండాడు, నీళ్ళు పోయినాయే. గీతలు గీతలుగా వస్తా ఉండాది. రేపు పేర్లూ పోతాయేమో. అవి పోయేలోగా చదివేవాళ్ళెవురైనా దొరకరా?"

మా సెంటర్‌కు మదురై నుంచి సెల్వం అనే కుర్రవాడు వచ్చేవాడు. పాత వీడియో గేములు వెతికి, వాటి వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టడం అతని పిచ్చి. పడవ ఆట సంగతి చెప్పగానే తన పెట్టె సర్దుకుని నాతో బస్సెక్కాడు. పలకను అటూ ఇటూ తిప్పి, గంధం అంచున గోరుతో గీకి చూశాడు. తర్వాత తమిళంలో మెల్లగా అన్నాడు.

"అమ్మా, ఈ ఆట ఏ దేశంలోనూ అమ్మకానికి వచ్చినట్టు లేదు. ఎంత వెతికినా ఇలాంటిది నేను వినలేదు. కంపెనీలో ఆట చేస్తూ చేస్తూ, సరిచూసుకోవడానికి ఇలాంటి పలకలు తయారుచేస్తారు. ఆట నచ్చక ఆపేసి ఉంటారు. ఇదెలా ఇక్కడికి చేరిందో! ఈ గాజు మీద ఏళ్ళ తరబడి వెలుతురు పడితే లోపలిది చెరిగిపోతుంది. మీ గంధమే అడ్డుగా ఉండి ఈ మాత్రమైనా కాపాడింది."

"నేనేం కాపాడినానయ్యా? పండక్కి బొట్టు పెట్టినాను, అంతే. నువ్వు ఆ పేర్లు చదివి చెప్పు."

అతనికీ ఆ లిపి రాదు. చిప్పులు ఊడదీసి తన పరికరానికి తగిలించి, లోపల మిగిలినదంతా కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. అక్షరాల బొమ్మను జపాను భాష తెలిసిన స్నేహితుడికి పంపుతానన్నాడు. పోతూ పోతూ, ఆ పలక తనకిస్తే భద్రంగా దాచుకుంటానని ఆశగా అడిగాడు. "నకలు ఎత్తుకున్నావు గదా నాయనా, చాలు. ఇది ఇచ్చేదానికి నాది కాదు" అంది అత్త.

కొన్నాళ్ళకు సెల్వం సెంటర్‌కు వచ్చి, నా ముఖం చూడకుండా చెప్పాడు. "అక్కా, అందులో పేర్లు లేవు." ఆ వరసల్లో ఉన్నది ఇంతేనట: ఇది సరిచూసుకోవడానికి చేసినది. పని జరుగుతూ ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

శనివారం కోవిల్‌పట్టి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏవో నాలుగు పేర్లు కల్పించి చెబితే ఏం పోయిందనుకున్నాను. పరీక్షించేవారెవరు? ఆమె సంతోషంగా పలుకుతుంది. కాని తనియన్ నేర్పిన మనిషికి అబద్ధపు పేర్లు అప్పజెప్పడానికి నాకు నోరు రాలేదు. మిఠాయి ముక్కలు పొట్లాలు కడుతున్న ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"కడసీ మాట ఇంకోసారి చెప్పు."

"కొంచెం ఓపిక పట్టండి."

ఆ మాటను తనూ ఒకసారి మెల్లగా పలికింది. తర్వాత ముక్కుపుడకలు కదిలేలా నవ్వింది. కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి. "ఇన్నేండ్లూ వాళ్ళు ఓపిక పట్టమని చెప్తా ఉండారు. నేను దండం పెడతా ఉండాను. సరిగానే ఉండాది గదా!"

ఆ సాయంత్రం మండపంలో నేను ఊహించనిది జరిగింది. గోష్ఠి మొదలుకాక ముందే అత్త లేచి నిలబడింది. "పెదనాయనా, నువ్వు అడిగింది నిజమే. అవి పేర్లు కావంట. నాదే తప్పు." ఎవరో వెనక కిసుక్కున నవ్వారు. వెంకటసామి పెదనాయన నవ్విన వైపు ఒక చూపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"పేరు రాసుకోకుండా పోయినారంటే మనకంటే పెద్దోళ్ళేమో, ఎవురికి తెలుసు? పేరు తెలీనోళ్ళకూ చేర్చి ఒక దండం పెట్టమ్మా. పెట్టి తనియన్ ఎత్తుకో, పొద్దు పోతా ఉండాది."

అత్త కళ్ళు మూసుకుని, ఏ శ్లోకమూ లేకుండా, ఒక ఊపిరి సేపు ఊరికే నిలబడింది. తర్వాత తనియన్ ఎత్తుకుంది. మేమందరం అందుకున్నాం. ఆ వేళ గోష్ఠి గొంతు కలిసినంత బాగా మళ్ళీ ఎప్పుడూ కలవలేదని ఇప్పటికీ నాకనిపిస్తుంది.

అత్త పోయి చాలా కాలమైంది. నా కొడుకుకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. వాడు నోరు విప్పని ఆ రోజుల్లో, పెరుమాళ్ళ ముందు కూర్చుంటే నాకు ఏ స్తోత్రమూ నోటికి వచ్చేది కాదు. ఎవరో, ఏ గదిలోనో కూర్చుని, ముగించలేకపోయిన పని ముందు రాసి పెట్టిన ఆ మాటే వచ్చేది. పని జరుగుతూ ఉంది. కొంచెం ఓపిక పట్టండి. అది పెరుమాళ్ళ మాటగానే నేను విన్నాను. ఇప్పటికీ అలాగే వింటాను. ప్రతి ఉదయం దీపం పెట్టి, ఆ మాట రాసిన చేతులకు ముందు మొక్కి, అడగవలసింది ఆ తర్వాతే ఆయన్ని అడుగుతాను.