బొట్టు లేని ఫొటో

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపలు ఆరబెడుతున్న నూకాలమ్మను అడిగి ఫొటో తీశాను. ఆకాశం నల్లగా, మబ్బులు తెల్లగా పడాలని నా చిన్న కెమెరాలో నలుపు తెలుపుతో పాటు రెడ్ ఫిల్టర్ కూడా పెట్టుకున్నాను. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి తెర మీదికి వంగి చూసింది.

"నా బొట్టేది బాబూ?"

ఆవిడ నుదుట రూపాయంత కుంకుమ ఉంది. ఫొటోలో లేదు. ఆ ఫిల్టర్ ఎరుపును తెల్లగా మార్చేస్తుందని తెలిసి కూడా నాకు బొట్టు సంగతి తట్టలేదు.

"మా ఆయన సముద్రం మీదికి యేటకెల్లినాడు. బోటింకా రానేదు. నన్ను బొట్టు నేకుండా సూపిత్తావేటి? తీసీయి బాబూ, నీకు దణ్ణవెడతాను."

ఏవో మీటలు నొక్కి, "తీసేశానమ్మా" అన్నాను. ఆవిడ నమ్మి, టీ తాగి వెళ్లమంది.

నిజానికి తీసేయలేదు. అంత మంచి ఫొటో నాకెప్పుడూ పడలేదు. మధ్యాహ్నం రైల్లో దాన్నే చూసుకుంటుంటే పక్క సీటాయన తొంగిచూశాడు.

"పాపం, భర్త పోయాడా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ముందే దాన్ని చెరిపేశాను.

"ఉన్నాడండీ" అన్నాను. కానీ ఆ బోటు వచ్చిందో లేదో కనుక్కోకుండానే నేను రైలెక్కేశాను.