సర్వ చల్లారేదాకా

నువ్వులు, పచ్చిమిర్చి కలిపిన బియ్యప్పిండి నూనెలో ఎర్రగా కాలే వాసన వస్తే ఇప్పటికీ నా మనసు జనగామకు పోతుంది. ఇవాళ మా కొత్త కోడలు నాన్‌స్టిక్ పెనం మీద సర్వపిండి ఒకటి తీసి, వెంటనే ఇంకొకటి వేసింది. గుంటూరు పిల్ల, పని చేస్తుంది గానీ నోరు విప్పదు. రుచి బాగానే ఉంది. మధ్యలో ఆగడమే లేదు. మా అనసూయక్క ఇంట్లో ఆ ఆగడమే నన్ను నిలబెట్టింది.

ఆవిడ నేను మొదట ఉద్యోగంలో చేరిన ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. బడిలో మేడం, ఇంట్లో అక్క. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఒక ఏడాది చదువు పోగొట్టుకుని, ఎలాగో ట్రైనింగు ముగించి, కురవి దగ్గరి మా ఊరి నుంచి జనగామకు వచ్చాను. చేరిన కొత్తలోనే, పిల్లలతో బబ్బెర గుడాల మాట మాట్లాడుతుంటే కోస్తా నుంచి వచ్చిన తోటి టీచరు గుమ్మంలో నిలబడి నవ్వింది. అలసంద గుగ్గిళ్లు అనాలని, టీచరయ్యాక కూడా ఇంటి మాటలేమిటని పిల్లల ముందే అంది. ఆ తర్వాత క్లాసులో పుస్తకం చదవడమే తప్ప మాట్లాడలేకపోయాను. ఉద్యోగం మానేసి పోదామనుకున్నాను.

ఆ ఆదివారం అక్క ఇంటికి పిలిచింది. ఆమెకున్నది ఒకటే సర్వ, వాళ్లమ్మ ఇచ్చిన లోతైన గిన్నె. పిండిని దాని లోపలి గోడలకు చేత్తో అద్ది, వేలితో బొక్కలు పెట్టి నూనె పోయాలి. ఒకటి దిగాక సర్వ చల్లారేదాకా రెండోది అద్దడానికి లేదు, వేళ్లు కాలతాయి. అక్క దాన్ని నీళ్ల పళ్లెంలో పెట్టి, పీట నావైపు జరుపుకుంది. మీ అమ్మ దీన్నేమంటదని అడిగింది. బియ్యప్పిండి రొట్టె అన్నాను.

"నేను మీ అమ్మ మాట అడిగిన."

"సర్వపిండి" అన్నాను నేల చూస్తూ.

సర్వలో చేస్తారు గనక ఆ పేరని, గంజు అనే గిన్నెలో చేసుకునే ఊళ్లలో గంజుపిండి అంటారని చెప్పింది. "పేర్లు పెట్టింది పొయ్యి కాడ కూసున్నోళ్లే చెల్లె. గిండ్ల సిగ్గుపడేటిదేముంది?"

సర్వ చల్లారే ప్రతిసారీ ఇంకో మాట అడిగింది. గోంగూరను పుంటికూర, మజ్జిగను సల్ల, మొక్కజొన్న సంకటిని మక్క గటక అంటూ మా అమ్మ వంటిల్లంతా చెప్పేశాను. ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చలేదు, కరకరలాడే అంచు విరిచి నా చేతిలో పెట్టింది.

సోమవారం క్లాసులో పుస్తకం మూసి, పొద్దున ఏం తిన్నారో ఇంట్లో అనే మాటతోనే చెప్పమన్నాను. నేను గటక తిని వచ్చానన్నాక గది గదంతా లేచింది. ఆ టీచరు మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. నేను ఆపలేదు.

తర్వాత నాకు దంతాలపల్లికి బదిలీ అయింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగానే అక్క పోయింది. ఆ సర్వ ఎవరింట్లో ఉందో తెలియదు. ఒక్కసారి ఆ పీట ముందు కూర్చుంటే చాలుననిపిస్తుంది.

కోడలు ఇంకో ముద్ద తీసుకోబోయింది.

"పొయ్యి బందుపెట్టి జరసేపు కూసో బిడ్డా" అన్నాను. "మీ అమ్మ దీన్నేమంటది?"

ఆ పిల్ల పొయ్యి ఆర్పింది. "తపేలా చెక్క అంటుందండీ."

పీట ఆమె వైపు జరుపుకున్నాను.

"ఇంకా?"