రెండు సువార్తలు, ఒక కుంటి ఒంటె

రాజధాని ఇంకా కర్నూలులోనే ఉన్న రోజుల్లో నేను టెంపరవరీ అయివారిగా ఊళ్లు తిరిగేవాణ్ణి. ఒక పంతులమ్మ కాన్పుకు పోతే ఆమె తిరిగొచ్చేదాకా, ఒక అయివారికి జ్వరం వస్తే అది తగ్గేదాకా నా ఉద్యోగం. పులివెందులలో ఒక ఎండాకాలం మొదట్లో పనిచేశాను. అక్కడి వేడికి సుద్దముక్క బోర్డును తాకకముందే పొడై రాలేది. నేను ఉత్తవేలితో లెక్క చేస్తే, పిల్లలు ఆ చెమట మరకలను చూసి రాసుకునేవారు. నమ్మకపోతే మీ ఇష్టం.

నా భార్య ప్రొద్దుటూరులో పుట్టింట్లో ఉండేది. ప్రతి ఊరికీ సామాను మోసి విసిగిపోయి, ఒకరోజు తేల్చేసింది.

"పర్మనెంటు అయినాక చెప్పు, వస్తా. అంతదాకా నన్ను యాడికీ పిలవాకు."

అలాంటప్పుడు జమ్మలమడుగులో ఒక మిషన్ బడిలో లెక్కల అయివారి ఖాళీ దొరికింది. బడి చూసుకునేది ఒక పాస్టరుగారు. బక్కపలచని మనిషి, మాట్లాడేముందు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకునేవారు. "ఈ ఏడు ఏ మాటా రాకుండా గడిస్తే పోస్టు నీదే అప్పా. కమిటీకి నేను చెప్తా" అన్నారు. ఆ సంగతి ప్రొద్దుటూరుకు రాశాను. జమ్మలమడుగులో నీళ్లు ఉప్పగా ఉంటాయా, తియ్యగా ఉంటాయా అని జవాబు వచ్చింది. ఆమె అంత మెత్తబడడం అదే మొదలు.

నాలుగు నెలలు గడిచేసరికి బైబిలు పాఠం చెప్పే అయివారు మంచం పట్టారు. ఆ పీరియడు కూడా నన్నే తీసుకోమన్నారు పాస్టరుగారు.

"పూజారి కొడుకును. నేనేం చెప్తానయ్యా?"

"చెప్పాకు. చదువు. చదవను వస్తుంది గదా నీకు."

చదివాను. క్రీస్తు పుట్టుక మత్తయిలో ఒక మాదిరి ఉంది, లూకాలో ఇంకో మాదిరి ఉంది. మత్తయిలో తూర్పు నుంచి జ్ఞానులు నక్షత్రం వెంట వచ్చి, ఒక ఇంట్లో బిడ్డను చూసి, బంగారం ఇచ్చి పోతారు. గొర్రెల కాపరుల మాటే లేదు. లూకాలో రాత్రిపూట మందను కాచుకునే గొర్రెల కాపరులు వచ్చి, సత్రంలో చోటు దొరకక పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డను చూస్తారు. అక్కడ జ్ఞానుల జాడ లేదు. ముందు వరసలో కూర్చున్న ఒకడు అడగనే అడిగాడు.

"సార్, ఇల్లా, పశువుల కొట్టమా?"

మా నాన్న ఊరూరా పురాణం చెప్పేవారు. కథలో ఎక్కడ చిల్లి పడినా అక్కడికక్కడే కుట్టేసేవారు. ఆ రక్తం ఊరుకుంటుందా? పుస్తకం మూసి మొదలుపెట్టాను. జ్ఞానులు గండికోట లోయలాంటి ఒక లోయ దిగుతున్నారు. ఒక ఒంటె కాలు మెలిపడింది. ఒంటె కుంటుతూ ఆలస్యం చేసింది. చీకట్లో దారి తప్పి గొర్రెల కాపరులను అడిగితే, వాళ్లు ఒంటె కాలికి ఆముదపాకు వేడిచేసి కట్టి, "మేమూ ఆడికే పోతాండాం, రండి" అన్నారు. అందరూ కలిసి కొట్టం దగ్గరికి చేరారు. అంత పెద్దమనుషులను చూసి సత్రం యజమాని అదిరిపోయి, తల్లినీ బిడ్డనూ అప్పటికప్పుడు తన ఇంట్లోకి మార్చాడు. కొట్టమూ నిజమే, ఇల్లూ నిజమే. ఒక్క కుంటి ఒంటెతో రెండు సువార్తలకూ రాజీ కుదిర్చాను. పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

ఏడాది చివర బైబిలు పరీక్ష కాగితాలు కడపలో ఒక పెద్ద పాస్టరుగారు దిద్దేవారు. దిద్దినాయన ఊరకే ఉండకుండా బస్సెక్కి వచ్చేశారు. పాస్టరుగారు నన్ను గదికి పిలిపించారు.

"ఏందప్పా ఇది? మత్తయి ప్రకారం బిడ్డను చూడను ఎవరొచ్చినారు అని అడిగినారు. తరగతి తరగతంతా కుంటి ఒంటె వచ్చిందని రాసినారు. ఏ సువార్తలో ఉంది ఈ ఒంటె?"

కడప ఆయన లావుపాటి మనిషి. ప్రయాణంలో ఒళ్లు హూనమై, విసనకర్రతో విసురుకుంటున్నారు. "ఒకడు రాసింది అందరూ చూసి రాసినారు. కళ్లెదుట కనపడతాంది. పరీక్ష రద్దు. కాపలా ఉన్న అయివారెవరో చెప్పండి" అన్నారు.

కాపలా ఉన్నది నేనే.

"చూసి రాయలేదయ్యా. విని రాసినారు. నేను చెప్పినా" అన్నాను.

"నువ్వు చెప్పినావో, నువ్వే రాయించినావో మాకెట్ల తెలుస్తుంది?"

పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకుని, పిల్లలను ఒక్కొక్కరినే లోపలికి పిలుద్దామన్నారు. నన్ను గోడ పక్కన కూర్చోబెట్టి నోరెత్తవద్దన్నారు. కథ చెప్పేవాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

మొదటివాడు ముందరి కాలు కుంటిందన్నాడు. రెండోవాడు వెనక కాలన్నాడు. మెలిక కాదు, తుమ్మముల్లు దిగిందన్నాడు. మూడోవాడు ఒంటె బాగానే ఉందనీ, కుంటినది జ్ఞానుల్లో ముసలాయన అనీ, కాగితంలో తొందరలో తప్పు రాశాననీ అన్నాడు. నాలుగోవాడికి ఒంటె కాలికంటే ఆముదపాకే బాగా గుర్తుంది. వాళ్ల అవ్వ ఎలా కడుతుందో కూడా చేసి చూపించాడు. ముందు వరసవాడు మాత్రం నావైపు చూడకుండా చెప్పాడు.

"ఒంటె మాట చెప్పేటప్పుడు సార్ మూతి బిగించుకున్న్యాడు సార్. అప్పుడే అనుకున్న్యా, ఇది పుస్తకంలో లేదని."

"మరి ఎందుకు రాసినావురా?"

"శానా బాగుండాది సార్."

కడప ఆయన విసనకర్ర ఆపారు. "చూసి రాసుంటే అందురికీ ఒగే కాలు కుంటేది. వీళ్లు విన్న్యారు. సందేహం లేదు" అన్నారు. పరీక్ష రద్దు మాట అక్కడితో ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సాక్ష్యాలన్నీ నిజమే. ఒంటే అబద్ధం" అన్నారు పాస్టరుగారు. ఆయన నవ్వలేదు.

కడప ఆయన భోజనానికి పోయాక మేమిద్దరమే మిగిలాం. రెండు పుస్తకాల్లో రెండు మాదిరిగా ఉంటే పిల్లలు తడబడతారని కలిపానని చెప్పుకున్నాను.

"తడబడనీప్పా. నెత్తి నెరిసినా నేను ఇంగా తడబడతానే ఉండా." గొంతు పెంచకుండా, అలసిపోయిన మనిషిలా మాట్లాడారు. "మత్తయి ఆ బిడ్డను రాజుగా చూసినాడు. అందుకే దూరదేశం నుంచి బంగారం మోసుకొని వస్తారు. లూకా ఎవర్ని ముందర పిలిపించినాడో చూసినావా? రేయంతా మంద కాడ కూర్చునేటోళ్లను. మావోళ్లకు, ఊరి బయట ఉండేటోళ్లకు, ఆ కథంటే ప్రాణం ఎందుకో తెలుసునా? దాంట్లో పెద్దరికం ఉండేటోళ్లు ఒగరూ రారు. ఆ పొద్దు గొర్రెలు కాసేటోళ్లే చుట్టాలు, వాళ్లే పెద్దలు. నువ్వు ఇద్దర్నీ ఒగ కొట్టంలోకి తోసినావు. తోస్తానే ఏమైంది? మావోళ్లు ఒంటె కాలికి కట్టు కడతా కూర్చున్న్యారు."

కథ కట్టేటప్పుడు ఆ పని ఎవరికి అప్పజెప్పాలని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దానంతటదే వాళ్ల చేతికి పోయింది. బిడ్డను చూసి ఇల్లు ఖాళీ చేయని సత్రంవాడు పెద్దమనుషులను చూసి ఖాళీ చేశాడు. అదీ దానంతటదే వచ్చింది.

"పోస్టు సంగతి?" అని అడిగాను చివరికి.

"పిల్లోళ్లు పాస్. నీ మాట కమిటీలో ఎత్తి చూస్తా. ఆశ పెట్టుకోవాకు" అన్నారు. రెండు వారాల తర్వాత చెట్టు కింద నిలబెట్టి, కమిటీ ఒప్పుకోలేదని చెప్పారు. ఆయన చేయవలసిందంతా చేశారనే అనుకుంటున్నాను. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నాకంటే నీరసంగా ఉన్నారు.

ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంట్లో ఏం చెప్పాలా అని ఆలోచించాను. కమిటీలో కొట్లాట జరిగిందనవచ్చు. బడికి దుడ్లు రావడం ఆగిపోయిందనవచ్చు. ఒక్కోటి మొదలుపెట్టి సగంలో వదిలేశాను. జీవితంలో మొదటిసారి కథ కట్టడానికి ఓపిక లేకపోయింది. గుమ్మంలో నిలబడి, "పోస్టు రాలేదు. నోరు ఊరుకోక పోగొట్టుకున్నా" అన్నాను. జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అంతా విని, కాళ్లకు నీళ్లిచ్చింది.

సాయంత్రం నేను లోపల పడుకుని ఉన్నాను. అరుగు మీద పక్కింటి బట్టలకొట్టు శెట్టమ్మ గొంతు వినిపించింది.

"ఏమ్మా, అన్న వచ్చేసినాడంట? పర్మనెంటు అయితాదన్న్యావే?"

"వాళ్లు ఇస్తామన్న్యారక్కా. ఈయనే వద్దన్న్యాడు. నీళ్లు ఉప్పు, ఒంటికి పడలేదు. ఆ పాస్టరుగారు శానా బతిమాలినాడంట. బస్సు దాకా వచ్చినాడంట పాపం."

"అయ్యో. అంతేనా అన్నా?" అని శెట్టమ్మ కిటికీలోంచి నన్నే అడిగింది.

నా భార్య తలతిప్పి చూడలేదు. జడ అల్లుకుంటున్న చెయ్యి మాత్రం ఆగింది.

"అంతేనమ్మా" అన్నాను.