ఒకే ఊరికి మూడు పేర్లు

ల్యాబ్ పరీక్ష నడుస్తుండగా మేడమ్ వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పొద్దున పోయింది సార్. మీకు చెప్పాలనిపించింది." వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఇవాళ నేను పిల్లల ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పగలుగుతున్నానంటే అది ఆమె వల్లే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సత్తుపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. బీసీఏ పిల్లలకు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చెప్పాలి. ఇప్పుడు డేటా అనలిటిక్స్ అంటున్న చదువుకు అప్పట్లో మా సిలబస్‌లో పేరే లేదు. నేను బోర్డు నిండా రాసేవాణ్ని, పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకునేవాళ్లు. మొదటి ఇంటర్నల్‌లో సగానికి పైగా తప్పారు. పాఠం చెప్పడం నా వల్ల కాదని రాజీనామా రాశాను.

మేడమ్ స్టాటిస్టిక్స్ చెప్పేవారు. మా డిపార్ట్‌మెంటుకు పెద్ద. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునే ఆ గొంతును క్లాసులో ఎప్పుడూ పెంచేవారు కాదు. సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకునేవారు. నా రాజీనామా చదివి, మడిచి, మళ్లీ నా జేబులోనే పెట్టారు. మర్నాడు నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. గంట అయ్యాక అన్నారు: "నీకు తెలిసిందంత చెప్తున్నవ్ నాయనా. వాళ్లకు తెలిసింది ఏందో ఒక్కసారన్న అడిగినవా?"

పిల్లల చేత నిజం లెక్కలు చేయిద్దామని ఆ వారమే నన్ను ములకలపల్లి వైపు, అడవి అంచున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. డాక్టరును అడిగి జ్వరాల రిజిస్టర్లలోంచి కావలసింది రాయించుకున్నారు. "పేర్లొద్దు. ఊరు, తేదీ, వయసు చాలు. ఎవలికి జబ్బు చేసిందో మనకెందుకు?"

పిల్లలు రెండు వారాలు కూర్చుని అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఊరివారీగా కూడితే ఎక్కడా జ్వరాలు విపరీతంగా లేవు. "అంతా మామూలే మేడమ్" అన్నాను. ఆమె ఊర్ల జాబితా గోడకు అంటించి, "మీలో ఎవలికన్న ఈ ఊర్లు తెలుసా?" అని పిల్లలను అడిగారు.

ఒక కోయ అమ్మాయి లేచింది. అన్ని నెలల్లో ఆమె నోరు విప్పగా నేను వినలేదు. "ఈ మూడు వేరే వేరే ఊర్లు కావు మేడమ్. ఒక్కటే. మేం ఒక తీరుగ పిలుస్తం, కింది ఊరోళ్లు ఒక తీరుగ పిలుస్తరు, రిజిస్టర్ల ఇంకో తీరుగ రాసిండ్రు."

"నీకు ఖాయంగ తెలుసా బిడ్డా?"

"అవ్ మేడమ్. అది మా ఊరే."

ఆ మూడింటినీ కలిపి కూడాం. స్క్రీన్ మీద ఆ ఒక్క ఊరి గీత మిగతావాటిని దాటి నిటారుగా లేచింది. మేడమ్ సుద్దముక్క ఆ అమ్మాయి చేతికిచ్చి, తాను వెళ్లి ఆమె ఖాళీ చేసిన చోట కూర్చున్నారు. ఆ పిల్ల ఏ గూడెం ఎక్కడుందో, ఏ వాగు ఎటు పారుతుందో బోర్డు మీద గీసి చెబుతుంటే, తల నెరిసిన ఆ మనిషి విద్యార్థిలాగా నోట్సు రాసుకున్నారు. చదువు చెప్పడమంటే ఏమిటో ఆరోజు చూశాను.

ఆ గీతను కాగితం మీద అచ్చు తీసి డాక్టరుకు చూపించాం. "మా కంటికి ఆనలేదు మేడమ్" అన్నాడు. మూడోరోజు మందులు, దోమతెరలతో ఆ ఊరికి బయల్దేరాడు. మేమూ వెంట వెళ్లాం. ఇంటింటికీ తిరిగి రక్తం తీసి చూస్తే చాలామందికి మలేరియా. కళ్లు తేలేసిన ఒక పసిపాపను అప్పటికప్పుడు దవాఖానాకు చేర్చారు. బతికింది.

నా మొదటి సెమినార్ పేపర్ దీనిమీదే. రాసినవాళ్ల పేర్లలో మేడమ్ పేరు ముందు పెట్టాను. ఆమె దాన్ని కొట్టేసి అక్కడ ఆ అమ్మాయి పేరు రాశారు. "కనిపెట్టినోళ్లు ముందుండాలె. నువ్వు రెండోది" అన్నారు. పీహెచ్‌డీకి నాకు దారి చూపింది ఆ పేపరే.

మేడమ్ అనుకోగానే నాకు కనిపించేది మాత్రం ఆ ఊరికి పోతూ వాగు దాటిన ఘడియ. జీపు ఇవతలే ఆగిపోయింది. నీళ్లు మోకాళ్లు దాటి పారుతున్నాయి. ఒక చేత చెప్పులు, ఇంకో చెయ్యి ఆ అమ్మాయి చేతిలో. "ఇప్పుడేడ పెట్టాలె బిడ్డా కాలు?" అని అడుగుతూ, ఆ పిల్ల చూపించిన రాయి మీదనే అడుగు వేస్తున్నారు మేడమ్. చీర కుచ్చిళ్లు విచ్చుకుని నీటి మీద తేలుతున్నాయి.