బంతి అడిగిన చెయ్యి

నా చిన్నప్పుడు మేము ఓక్లహోమాలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడి పిల్లల బేస్‌బాల్ టీంలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. పైగా బంతులు విసిరే పిచ్చర్‌ని. మా నాన్న కనిపించినవాళ్లకీ, ఫోన్‌లో దొరికినవాళ్లకీ "మా అమ్మాయి పిచ్ చేస్తుందండీ!" అని చెప్పి మురిసిపోయేవారు.

పదకొండో ఏట నా మోచెయ్యి నొప్పెట్టడం మొదలైంది. చెబితే నాన్న ముఖం చిన్నబోతుందని నోరు విప్పలేదు. ఎడమ చేత్తోనే జడ దువ్వుకునేదాన్ని, పళ్లు తోముకునేదాన్ని. ప్రతి శనివారం మ్యాచ్ ఉండేది. తప్పించుకునే దారే కనిపించేది కాదు. చెబితే ఏమయ్యేది, నా బొంద!

మాకు ఆట నేర్పేది ఎదురింటి అంకుల్. ఆయన అమెరికా మూలవాసుల్లో చికసా తెగవారు. ఒకప్పుడు ప్రొఫెషనల్ పిచ్చర్. ఏడేళ్లు చిన్న లీగుల్లో, బస్సుల్లో ఊరూరా తిరిగి ఆడి, పెద్ద లీగుకి వెళ్లిన ఏడాదే మానేశారట. ఎందుకని అడిగితే నవ్వేసి మాట మార్చేవారు.

ఒక మ్యాచ్ మధ్యలో నా వేళ్లు తిమ్మిరెక్కాయి. పిచ్చర్ తనంతట తాను దిగిపోకూడదు. కోచ్ నడిచొచ్చి చెయ్యి చాపితే, అందులో బంతి పెట్టి వెళ్లాలి. అంకుల్ వచ్చారు.

"నొప్పా?"

"లేదంకుల్, ఐయామ్ ఫైన్."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతి పక్కన జానెడు కుట్ల మచ్చ. "పెద్ద లీగులో నన్నడిగినప్పుడు నేనూ ఇదే అన్నాను. మా నానమ్మ, మా తెగవాళ్లంతా రేడియో చుట్టూ కూర్చుని వింటున్నారు మరి. ఇంకో మూడు బంతులేశాను. అవే ఆఖరివి." తరవాత అరచెయ్యి చాపారు. "బంతి నేను తీసేసుకోగలను. కానీ నొప్పి అని నువ్వే చెప్పాలి. నీ వెనక ఎప్పుడూ నేనుండను కదా."

అంపైర్ తొందరపెడుతున్నాడు. గ్యాలరీలో నాన్న లేచి చప్పట్లు కొడుతున్నారు. అంకుల్ చెయ్యి మాత్రం అలాగే ఉంది.

"నొప్పిగా ఉందంకుల్!" అని భోరుమన్నాను. బంతి ఆయన చేతిలో పెట్టేశాను.

నాన్న పరిగెత్తుకొచ్చారు. తిడతారనుకున్నాను. "ఎన్నాళ్ల నుంచమ్మా?" అన్నారు. నెలైందని చెప్పాను. ఆయన ఆ మట్టిలోనే కూలబడి, "నేనొక్కసారీ అడగలేదే" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు.

చెయ్యి బాగుపడింది. నొప్పిని నొప్పి అని చెప్పడం మాత్రం నాకిప్పటికీ కష్టమే, అయినా చెబుతాను. నాకోసం ఒక మనిషి నడిచొచ్చి, నేను చెప్పేదాకా ఆగారు. ఆయన ఆఖరి బంతులేసిన రోజు ఆయన కోసం అలా ఎవరూ ఆగలేదు. ఆ బాధ నన్నింకా వదల్లేదు.