పెద్ద టేబుల్ మీద ఒక గంట

ఏళ్ల తరబడి ఎవరితోనూ అనలేక మోస్తున్న మాట ఇది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ద్వీపంలో, గరాచర్మ అనే ఊళ్లో మా మేనత్త కొడుకు, నాకు బావ, పడౌక్ చెక్కతో ఇంట్లోనే చిన్న స్నూకర్ టేబుల్ చేసుకున్నాడు. అసలుదాంట్లో సగం. వరండా నిండా అదే. గోడ తగులుతోందని ఆడే కర్రను కూడా పొట్టిగా కోశాడు. అసలు టేబుల్ ఊళ్లో ఒక క్లబ్బులో ఉండేది. మా నాన్న అక్కడ మార్కరు, ఆటల స్కోరు చూసేవాడు. ఆయన పుణ్యాన నేను మధ్యాహ్నాలు దాని మీదే ఆడేవాణ్ణి.

ఆ ఏడు ఒక ఆఫీసువాళ్లు స్నూకర్ ఆటగాడికని ఉద్యోగం ఒకటి ఉంచారు. క్లబ్బులో పోటీ, గెలిచినవాడికి ఉద్యోగం. బావది కూలిపని, ఇంట్లో పసిబిడ్డ. తనకూ పెద్ద టేబుల్ మీద ఒక గంట ఇమ్మని నాన్నను అడగమన్నాడు. అడిగాను. రేపే తీసుకురా అన్నాడు నాన్న.

“మావయ్య ఏమన్నాడు బావా?” అన్నాడు. తనూ నన్ను బావా అనే పిలుస్తాడు.

“నహీ మానా. మెంబర్లు ఒప్పుకోరంట. అయినా ఆట ఏక్ హీ హై కదా. దీని మీద పడిన బాల్ దాని మీద పడదా?” అన్నాను.

“బరాబర్. చెరువులో ఈదినోడికి సముద్రం ఎంతలే” అని నవ్వాడు.

బావ రానన్నాడని నాన్నకు చెప్పాను.

చిన్న టేబుల్‌కు అలవాటైన చేతికి పెద్దదాని మీద ఎంత బలంగా కొట్టాలో అందదు. అది నాకు తెలుసు. పోటీలో బావ కొట్టిన బంతులు ఒక్కొక్కటీ పాకెట్ దాకా వెళ్లి ఆగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. గెలిచింది నేను. అబద్ధం చెప్పకపోయినా నేనే గెలిచేవాణ్ణని ఉద్యోగం చేసినన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆ నమ్మకమే ఉంటే ఆ గంట ఎందుకు దాచాను?

బావ ఇప్పటికీ వండూర్‌లో పర్యాటకుల పడవలు కడుగుతాడు. టేబుల్ చెక్క వంటింటి తలుపైంది. కొడుకు ఆటలకు వెళ్తానంటే, మన చేతుల్లో ఆట లేదని ఆపేశాడు. ఆ మాట నా ముందే అన్నాడు. నేను టీ తాగుతూ కూర్చున్నాను. నాన్న పోయాడు. ఆయన రమ్మన్నాడని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

బావ ఈ ద్వీపంలోనే పుట్టాడు. తెలుగు మాట్లాడతాడు, చర్చిలో పాడతాడు, కానీ ఆ అక్షరాలు చదవలేడు. పాటలు హిందీ అక్షరాల్లో రాసుకుంటాడు. నేను దీన్ని తెలుగులో రాస్తున్నది అందుకే. నా ధైర్యం ఇంతవరకే వచ్చింది.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి మీరు కారు. ఒకరితో అన్నాను, అంతే. ఊపిరి కొంచెం ఆడుతోంది.